సమస్య: పడినవాడె గెలుచు పందెమందు

ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. జపాను యుద్ధవిద్యల మాట ఒకటైనా పద్యంలో రావాలి.

మొదటి పూరణ

తాను పడుట ముందు తగురీతి నేర్వంగ
ఉకెమి యనెడి విద్య యొడలు గాచు
లేచి నిలిచి మరల లీలగా పోరాడ
పడినవాడె గెలుచు పందెమందు

మా అబ్బాయికి జూడో క్లాసులో మొదటి నెలంతా ఒక్క విసురు కూడా నేర్పలేదండీ. గడ్డం ఛాతీకి ఆనించుకోవడం, వీపు చాపకు తగిలే క్షణంలో అరచేతులతో చాపను ఫట్‌మని కొట్టడం, మళ్లీ లేవడం, అంతే. అదే ఉకెమి. ‘ఉకె’ అంటే అందుకోవడం, ‘మి’ అంటే ఒళ్లు.

— తమ్ముడూ, గణాలు, యతులు సరిపోయాయి. ‘పడుట ముందు’ అంటే పడకముందు అని కూడా అనిపిస్తోంది, ‘మొదట’ అను. గలం (గురువు, లఘువు) పోయి నగణం (మూడు లఘువులు) వస్తుంది, రెండూ సూర్యగణాలే. నా అసలు పేచీ అర్థంతో. ఉకెమి దెబ్బ తగలకుండా కాపాడుతుంది గానీ గెలిపించదు. నీ పద్యంలో గెలిచినవాడు లేచి పోరాడి గెలిచాడు, పడినందుకు కాదు. సమస్యలో చిక్కు అలాగే ఉండిపోయింది.

రెండవ పూరణ

వెల్లకిలగ వాలి వేగాన పగవాని
పొట్ట మీద కాలు పెట్టి విసర
సుతెమి యంద్రు దీని జూడోన నేర్పుతో
పడినవాడె గెలుచు పందెమందు

ఇది తొమొయె-నగె అనే విసురు. విసిరేవాడే ముందు కింద పడతాడు, అవతలివాడు అతని తలమీదుగా ఎగిరి వెల్లకిలా పడితే ఇప్పొన్, అంటే పూర్తి గెలుపు, పోటీ అక్కడితో సరి. ‘సుతె’ అంటే వదిలేయడం, ఇక్కడా ‘మి’ ఒళ్లే. తమ్ముడి మాట ఒంటిని కాచుకుంటే ఇది ఒంటిని వదిలేస్తుంది.

— చెల్లెమ్మా, చిక్కు విడిపోయింది! ‘పొట్ట–పెట్టి’ ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) వాడుకమాటల్లో ఎంత హాయిగా కుదిరిందో. ‘పగవాని’ ఒక్కటే నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. కానో జిగోరో 1882లో టోక్యోలోని ఎయిషో-జి బౌద్ధాలయంలో 12 చాపల గదిలో మొదలుపెట్టిన ఈ విద్యలో ‘జు’ అంటేనే మెత్తదనం, ‘దో’ అంటే మార్గం, ఆయన చెప్పిన ‘జిత క్యోఎయి’ అంటే నీకూ నాకూ ఇద్దరికీ మేలు, పోటీకి ముందూ తర్వాతా ఒకరికొకరు వంగి దండం పెట్టుకునేచోట పగవాడెవడమ్మా? ‘జతవాని’ అంటే ఎలా ఉంటుంది? అదీ ‘పగవాని’లాగే సలమనే ఇంద్రగణమే.

— మారుస్తున్నాను అన్నగారూ. యతి ‘వేగాన’ దగ్గరే కాబట్టి దానికీ ఇబ్బంది లేదు.

వెల్లకిలగ వాలి వేగాన జతవాని
పొట్ట మీద కాలు పెట్టి విసర…