బెల్ కర్వ్ పోయిందా, బడ్జెట్ మాటున దాక్కుందా?

కొండాపూర్ వాసి:
మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో, స్టీవ్ బాల్మర్ ఇంకా సీఈఓగా ఉండగానే, ఉద్యోగులకు బెల్ కర్వ్ ప్రకారం, అంటే ప్రతి టీమ్‌లో ఇంతమంది ఉత్తములు, ఇంతమంది మధ్యములు, ఇంతమంది అధములు ఉండి తీరాలని ముందే వాటాలు పెట్టి, రేటింగులు ఇచ్చే పద్ధతిని రద్దు చేసింది. ఇకపై కర్వూ ఉండదు, రేటింగులూ ఉండవని నాటి మానవ వనరుల విభాగాధిపతి లీసా బ్రమ్మెల్ సిబ్బందికి రాసిన లేఖలో స్పష్టం చేశారు. మూడు నెలలు తిరగకుండానే సత్య నాదెళ్ల పగ్గాలు చేపట్టడంతో మనవాళ్లు చాలామంది ఈ నిర్ణయాన్ని కూడా ఆయన ఖాతాలోనే వేస్తుంటారు. ఆయన చదివిన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలు మీది అభిమానం అలాంటిది మరి! నా సందేహం మాత్రం వేరు. రేటింగు తీసేసినా హైకులకు, బోనసుకు, షేర్లకు కలిపి ఒక్కొక్క మేనేజరు చేతికి వచ్చే మొత్తం ముందే ఖరారై ఉంటుంది కాబట్టి, ఒకరికి పెంచాలంటే మరొకరికి కోత పెట్టక తప్పదు. అలాంటప్పుడు ఉద్యోగికి నిజంగా మారినదేమిటి?

రెడ్‌మండ్ ఇంజనీరు:
కొండాపూర్ వాసి గారూ, డబ్బు పరిమితంగా ఉండటం వేరు, పదిమందిలో ఒకరిని పనికిరానివాడని తేల్చి తీరాలనడం వేరు. పాత పద్ధతిలో జరిగింది ఆ రెండవది. ప్రతిభావంతులను తమ టీమ్‌లోకి రానిస్తే తమ స్థానం దిగజారుతుందన్న భయంతో మంచి డెవలపర్లు ఒకరికొకరు దూరంగా ఉండేవారని 2012లోనే ఒక అమెరికా పత్రిక మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల మాటల్లో విస్తారంగా రాసింది. ఇప్పటి సమీక్షలో మీరేం సాధించారన్న దానితోపాటు ఇతరుల విజయానికి ఎలా తోడ్పడ్డారు, ఇతరులు చేసిన పనిని ఆధారం చేసుకుని దేన్ని ముందుకు తీసుకువెళ్లారు అన్నవి కూడా అడుగుతారు. పక్కవాడికి సాయపడితే తనకే నష్టమన్న లెక్క పోవడం చిన్న విషయమేమీ కాదు.

మాజీ టీమ్ లీడ్:
నేను పనిచేసినది వేరొక సంస్థలో, పేరు అనవసరం. అయితే ఈ కర్వ్ గది లోపల ఎలా తయారవుతుందో చూసినవాడిగా చెబుతున్నాను. ఎవరికి ఏ రేటింగో మేనేజర్లు కూర్చుని ఖరారు చేసే కాలిబ్రేషన్ మీటింగు అంటే గోడ మీద ఒక ఎక్సెల్ షీటు, దాని చుట్టూ నలుగురైదుగురు మేనేజర్లు, ఒక హెచ్ఆర్ ప్రతినిధి. పై గడుల్లో ఎవరుండాలన్న దానిమీద గంటల తరబడి వాదించుకునేవారు, అట్టడుగు గడి మాత్రం నిమిషాల్లో నిండిపోయేది. ఎందుకంటే అందులోకి ఎవరి పేరు వెళ్తే ఎవరూ నోరెత్తరో అందరికీ తెలుసు: ప్రసూతి సెలవులో ఉన్న అమ్మాయి, వేరే టీమ్ నుంచి ఈమధ్యే బదిలీ అయి వచ్చినవాడు, రేపోమాపో రాజీనామా చేస్తాడని వినికిడి ఉన్నవాడు. వాళ్ల పని గురించి ఒక్క వాక్యం కూడా చర్చకు వచ్చేది కాదు. అసలు బెల్ కర్వ్, అంటే గుడి గంట ఆకారపు రేఖ అనేది యాదృచ్ఛికంగా తీసుకున్న పెద్ద సమూహానికి వర్తించే విషయం. అయిదారు రౌండ్ల ఇంటర్వ్యూలతో ఏరికోరి తెచ్చుకున్న ఎనిమిదిమందికి దాన్ని తగిలించి, అందులో ఒకరు కచ్చితంగా అధములై ఉండాలని పట్టుబట్టడం గణితం పేరిట జరిగే అన్యాయమే తప్ప మరొకటి కాదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో నాటి సీఈఓ జాక్ వెల్చ్ ఉద్యోగులను పైవాళ్లు, మధ్యవాళ్లు, అట్టడుగువాళ్లు అంటూ ఇరవై, డెబ్బై, పది శాతాలుగా విభజించాడని అందరూ ఆయన పేరు చెబుతారు గానీ, ఆ చివరి పది శాతం మందిని ఏ ప్రాతిపదికన ఎంచారన్న ప్రశ్న మా గదిలో ఏనాడూ వినిపించలేదు.

నానక్‌రామ్‌గూడ నైట్ షిఫ్ట్:
లీడ్ గారు చెప్పినదంతా నిజమే కావచ్చు. అయినా నాకు ఫలానా రేటింగు వచ్చిందని కాగితం మీద ఉంటే, ఎందుకిచ్చారని మేనేజరును నిలదీసే అవకాశమైనా ఉండేది. ఇప్పుడు 'బాగా చేస్తున్నావు, ఇలాగే కొనసాగించు' అంటారు, తీరా హైకు లెటరు తెరిచి చూస్తే అందులో ఏమీ ఉండదు. పొగడ్తతో అద్దె కట్టలేం కదా. ఎవరికి ఎంత ఇచ్చారో, ఎందుకిచ్చారో తెలియని చోట మేనేజరుకు దగ్గరి మనుషులే బాగుపడతారు. కర్వ్ క్రూరమైనదే, కానీ దాన్ని తీసేసి ఏ కొలమానమూ లేకుండా వదిలేయడాన్ని సంస్కరణ అని నేను ఒప్పుకోను.

కొండాపూర్ వాసి:
నా వాదన కూడా సరిగ్గా ఇదే. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పదివేల ఉద్యోగాలను తొలగిస్తున్నట్టు చెప్పింది. అదే ఏడాది మేలో, జీతం మీద పనిచేసే శాశ్వత ఉద్యోగులకు ఆ సంవత్సరం పెంపు లేదంది. 2025 జులైలో మరో తొమ్మిదివేల మంది వరకు పోయారు. అందరికీ 'బాగా చేస్తున్నావు' అన్నదే సమీక్ష అయితే, ఆ జాబితాలోకి ఎవరి పేరు ఎక్కాలో తేల్చిన కొలత ఏది? అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మన పిల్లలకు ఉద్యోగం పోయాక వేరే దారి చూసుకోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ముందే రేటింగు తగ్గి ఉంటే కనీసం ఆరు నెలల ముందు నుంచే బయట ప్రయత్నాలు మొదలుపెట్టేవారు.

రెడ్‌మండ్ ఇంజనీరు:
తొలగింపులన్నిటినీ ఒకే గాటన కట్టకండి. 2014లో ప్రకటించిన 18,000 కోతల్లో సుమారు 12,500 నోకియా నుంచి కొన్న వ్యాపారానికి సంబంధించినవే. ఒక విభాగాన్నే కుదించేటప్పుడు అయిదేళ్లపాటు మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాడికి కూడా ఆ ర్యాంకు అడ్డుపడదు కనుక, రేటింగు ముందస్తు హెచ్చరికగా పనిచేస్తుందన్న మీ నమ్మకం అక్కడ నిలవదు. విభాగం అలాగే ఉండి, అందులోంచి కొందరిని మాత్రమే ఏరినప్పుడు మీ ప్రశ్న పూర్తిగా న్యాయమైనది. అప్పుడు అడగవలసింది పాత కర్వ్‌ను తిరిగి తెమ్మని కాదు. నా వాటాకు వచ్చిన బోనసు టీమ్ సగటుకు ఎగువన ఉందా, దిగువన ఉందా అన్న ఒక్క వాక్యాన్ని ప్రతి సమీక్షలోనూ రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి.

నానక్‌రామ్‌గూడ నైట్ షిఫ్ట్:
ఆ ఒక్క వాక్యం ఇస్తే నాకు కర్వ్‌తో పనిలేదు. కానీ అడిగినవాడి పేరు లీడ్ గారు చెప్పిన ఆ అట్టడుగు గడిలోకి వెళ్లదని హామీ ఎవరిస్తారు?