ఇంటి సర్వర్: నిక్స్‌ఓఎస్‌కి మారాలా, కంపోజ్ ఫైళ్లతోనే సాగాలా?

సిరిమువ్వ
ఎన్100 మినీ పీసీ, 16 జీబీ ర్యామ్, డెబియన్ లినక్స్. నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్లు), ఇమ్మిచ్ (ఫోటోలు), జెల్లీఫిన్ (సినిమాలు), వాల్ట్‌వార్డెన్ (పాస్‌వర్డ్‌లు) నాలుగూ డాకర్ కంపోజ్‌లో, అంటే యాప్‌లని విడివిడి కంటైనర్లలో లేపే ఒక ఫైల్‌తో, నడుస్తున్నాయి. మెషీన్ మొత్తాన్ని ఒకే కాన్ఫిగ్‌లో రాసుకునే నిక్స్‌ఓఎస్ అనే లినక్స్‌కి మారితే పడ్డ శ్రమకి తగ్గ ఫలితం ఉంటుందా? రెండూ వాడినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు
ఉంటుంది. కంపోజ్ ఫైల్ కంటైనర్ల సంగతి మాత్రమే చెబుతుంది. డిస్క్ మౌంట్ ఎఫ్‌స్టాబ్‌లో, బ్యాకప్ క్రాన్‌ట్యాబ్‌లో, సర్టిఫికెట్ ఇంకోచోట, ఫైర్‌వాల్ మరోచోట. ఎస్‌ఎస్‌డీ పోయిన రోజున ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి? నిక్స్‌లో అన్నీ ఒకే గిట్ రిపోలో (మార్పుల చరిత్రతో సహా దాచే ఫోల్డర్) ఉంటాయి. సర్వీసెస్.జెల్లీఫిన్.ఎనేబుల్ = ట్రూ అని రాస్తే యూజర్‌నీ, సర్వీస్‌ని లేపే సిస్టమ్‌డీ యూనిట్‌నీ, డైరెక్టరీనీ నిక్స్‌లో ముందే రాసిపెట్టిన మాడ్యూలే పెట్టుకుంటుంది. అప్‌డేట్ బెడిసికొడితే బూట్ మెనూలో పాత జనరేషన్ (ఇదివరకటి సిస్టమ్ రూపం) ఎంచుకోండి, నిన్నటి సిస్టమ్ తిరిగొస్తుంది.

వరిచేను77
నడుస్తున్నదాన్ని కదపకండి. కంపోజ్ చాలు.

పాతబస్తీ_రూట్
"నిన్నటి సిస్టమ్ తిరిగొస్తుంది" అన్న మాటతోనే కొత్తవాళ్లు మునుగుతున్నారు. తిరిగొచ్చేది ప్రోగ్రాములూ కాన్ఫిగూ. డేటా తిరిగి రాదు. నెక్స్ట్‌క్లౌడ్ 30 నుంచి 31కి వెళ్లగానే సెటప్ యూనిట్ తనంతట తానే అప్‌గ్రేడ్ నడిపి డేటాబేస్ పట్టికలు మార్చేస్తుంది. ఇప్పుడు పాత జనరేషన్‌కి వెళ్తే 30 కోడ్ 31 డేటాబేస్ ముందు నిలబడుతుంది. డౌన్‌గ్రేడ్ కుదరదని చెప్పి ఆగిపోతుంది. రోల్‌బ్యాక్ (వెనక్కి వెళ్లే దారి) ఉంది కదా అని అప్‌గ్రేడ్‌కి ముందు డంప్ (డేటాబేస్ కాపీ) తీయనివాడి పరిస్థితి ఏంటి?

గోదారిగట్టు
అది నెక్స్ట్‌క్లౌడ్ స్వభావం అండీ, నిక్స్ తప్పు కాదు. కంపోజ్‌లో ఇమేజ్ ట్యాగ్ (యాప్ వెర్షన్ గుర్తు) వెనక్కి మార్చినా అంతే. డేటా వెర్షన్ ఇమేజ్ కంటే పెద్దదైతే కంటైనర్ లేవదు. పైగా లేటెస్ట్ ట్యాగ్ పెట్టుకున్నవాళ్లకి ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి వెళ్లారో కూడా తెలియదు. నిక్స్‌లో ఫ్లేక్ లాక్ ఫైల్ (ఏ వెర్షన్లు వాడామో రాసి ఉండేది) చూస్తే కమిట్ నంబర్‌తో సహా దొరుకుతుంది.

పాతబస్తీ_రూట్
తేడా ఉందండీ. కంపోజ్‌వాడు రోల్‌బ్యాక్ ఉందనుకోడు, కాబట్టి ముందే డంప్ తీస్తాడు.

సరే, ఇంకోటి. స్టేట్‌వెర్షన్, అంటే మొదట ఇన్‌స్టాల్ చేసిన నిక్స్‌ఓఎస్ వెర్షన్‌ని గుర్తుంచే సెట్టింగ్. దాన్ని "నా సిస్టమ్ వెర్షన్" అనుకుని 23.11 నుంచి 24.11కి మార్చేవాళ్లు ఎందరో. మార్చగానే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డిఫాల్ట్ వెర్షన్ 15 నుంచి 16కి జరుగుతుంది. డేటా డైరెక్టరీ పేరులోనే వెర్షన్ ఉంటుంది కనుక వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/16 అని కొత్తది, ఖాళీది తయారవుతుంది. సర్వీస్ పచ్చగా కనిపిస్తుంది, లోపల డేటా ఉండదు.

గోదారిగట్టు
పాత డేటా 15 డైరెక్టరీలో భద్రంగానే ఉంటుంది. సర్వీసెస్.పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ప్యాకేజ్ అన్నచోట పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్_15 అని గట్టిగా రాసుకుంటే ఈ బాధే ఉండదు. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసినప్పటి స్టేట్‌వెర్షన్‌ని ఎన్నేళ్లయినా అలాగే ఉంచాలి. ఇది మాన్యువల్‌లోనే ఉంది.

తాటిమట్ట
మధ్యలో ఒక మాట. బూట్ పార్టిషన్ చిన్నదైతే జనరేషన్లు పేరుకుని సిస్టమ్ లేవడానికి కావాల్సిన కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ ఫైళ్లతో నిండిపోతుంది, రీబిల్డ్ (కొత్త కాన్ఫిగ్‌ని అమలుచేయడం) మధ్యలో ఆగుతుంది. బూట్ మెనూ చూపే సిస్టమ్‌డీ-బూట్‌కి కాన్ఫిగరేషన్‌లిమిట్ = 10 పెట్టండి. పార్టిషన్ 1 జీబీ ఇవ్వండి.

పాతబస్తీ_రూట్
"మాన్యువల్‌లోనే ఉంది." ఈ జవాబు వినీ వినీ విసుగొచ్చింది. ఏ గ్రూపులో ఎవరు ఏమడిగినా ఇదే. పాస్‌వర్డ్‌ని నేరుగా కాన్ఫిగ్‌లో రాస్తే అది నిక్స్ స్టోర్‌లో (ప్యాకేజీలన్నీ ఉండే ఫోల్డర్) చేరి మెషీన్‌లోని ప్రతి యూజర్‌కీ కనిపిస్తుందన్నదీ మాన్యువల్‌లోనే ఉంది. కానీ మొదటి రోజు రాసేవాడిని ఎవరూ ఆపరు.

గోదారిగట్టు
ఆపకపోవడం గురించి మాట్లాడాలంటే డాకర్ సంగతి కూడా మాట్లాడండి. కంపోజ్‌లో పోర్ట్స్ కింద 8080:80 అని రాస్తే అది యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌ని దాటుకుని బయటికి తెరుచుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్‌లో ఆ పోర్ట్ కనిపించనే కనిపించదు. ఆ మెషీన్‌కి మాత్రమే తెరుచుకునేలా 127.0.0.1:8080:80 అని రాయాలని ఎంతమందికి తెలుసు? మీకు నిక్స్ నేర్చుకునే ఓపిక లేదు, దానికి ఇన్ని సాకులు.

వరిచేను77
ఓపిక మీద మాటలొద్దు, విషయం మాట్లాడండి.

పాతబస్తీ_రూట్
ఓపిక సంగతి కాదు. రెండేళ్లు నిక్స్ నడిపే చెబుతున్నాను. నా అభ్యంతరం అసలు వేరే. ఆ సర్వర్ ఇంట్లోవాళ్లది. పాస్‌వర్డ్‌లు, పదేళ్ల ఫోటోలు అందులో ఉన్నాయి. చూసుకునే మనిషి ఆసుపత్రిలో పడితే తమ్ముడో, పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడో వచ్చి తెరవాలి. కంపోజ్ ఫైల్ తెరిస్తే వాల్యూమ్స్ కింద ఏ ఫోల్డర్ ఎక్కడుందో పది లైన్లలో కనిపిస్తుంది. నిక్స్ రిపోలో ఫంక్షన్లు, ఓవర్‌లేలు, మాడ్యూల్ లోపల మాడ్యూల్. తప్పు రాస్తే ఇన్ఫినిట్ రికర్షన్ అంటుంది, ఏ లైన్‌లోనో సరిగా చెప్పదు. రాసినవాడు లేకపోతే చదవగలిగేవాడు ఎవరు?

గోదారిగట్టు
ఈ మాట మొదటే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీరు మనిషి లేనప్పటి గురించి అడుగుతున్నారు, నేను మెషీన్ లేనప్పటి గురించి చెబుతున్నాను. నాకు భయం రెండోదే, ఎందుకంటే డిస్కులు మనుషులకంటే ఎక్కువసార్లు పోతాయి.

అయినా మెషీన్ పోయినప్పుడు నిక్స్‌లోనూ ఒక చిక్కు ఉంది, ఒప్పుకుంటాను. సాప్స్-నిక్స్ అనే టూల్‌తో పాస్‌వర్డ్‌ల్లాంటి సీక్రెట్లు రిపోలో దాచేవాళ్లు చాలామంది మెషీన్ ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీ (ఆ మెషీన్ గుర్తింపు తాళంచెవి) ఒక్కదానికే ఎన్‌క్రిప్ట్ చేస్తారు. ఎస్‌ఎస్‌డీ పోతే ఆ కీ పోతుంది. కొత్త మెషీన్‌కి కొత్త కీ వస్తుంది. రిపో చేతిలో ఉన్నా ఒక్క పాస్‌వర్డ్ తెరుచుకోదు, రెస్టిక్ అనే బ్యాకప్ టూల్ పాస్‌వర్డ్‌తో సహా. రెండో ఏజ్ కీ (ఏజ్ అనే ఎన్‌క్రిప్షన్ టూల్ తాళంచెవి) తయారుచేసి, సాప్స్.యామల్‌లో చేర్చి, అప్‌డేట్‌కీస్ కమాండ్ నడిపి, ఆ కీని కాగితం మీద ప్రింట్ తీసి బీరువాలో పెట్టాలి. రెస్టిక్ పాస్‌వర్డ్ కూడా అదే కాగితం మీద ఉండాలి.

సిరిమువ్వ
అందరికీ థాంక్స్. సెల్ఫ్‌హోస్ట్‌బ్లాక్స్ అనే నిక్స్ మాడ్యూళ్లు కూడా చూశాను. ఏ డైరెక్టరీ బ్యాకప్ కావాలో యాప్ మాడ్యూలే చెబుతుంది, తీసేది రెస్టిక్కా బోర్గా అన్నది మనం ఎంచుకోవచ్చు, దీన్ని కాంట్రాక్ట్ అంటున్నారు. అది నచ్చింది. కానీ ముందు రీబిల్డ్ బిల్డ్-వీఎమ్‌తో వర్చువల్ మెషీన్‌లో నడిపి, అందులోకి బ్యాకప్ రీస్టోర్ చేసి చూస్తాను. అది అయ్యేదాకా డెబియన్ కదలదు.

పాతబస్తీ_రూట్
మంచి పని. దేంట్లో నడిపినా సరే, ఇవాళే ఒకటి చేయండి. ఇమ్మిచ్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ టెంప్లేట్ ఆన్ చేయండి, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆఫ్‌లో ఉంటే అప్‌లోడ్ ఫోల్డర్‌లో ప్రతి ఫోటోకీ అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి పేరే ఉంటుంది. డేటాబేస్ లేకపోతే ఏది పెళ్లి ఫోటోనో ఏది కరెంటు బిల్లో తెరిస్తేగానీ తెలియదు. ఆన్ చేస్తే సంవత్సరం, తేదీ ఫోల్డర్ల కింద అసలు పేరుతో ఉంటాయి. పాత ఫోటోలకి మైగ్రేషన్ జాబ్ విడిగా నడపాలి.

గోదారిగట్టు
దాంతోపాటు ఆ అప్‌లోడ్ చోటులోని బ్యాకప్స్ ఫోల్డర్ కూడా చూడండి. ఇమ్మిచ్ రోజూ రాత్రి 2 గంటలకి డేటాబేస్ డంప్ అక్కడే పెడుతుంది, డిఫాల్ట్‌గా 14 ఉంచుతుంది. డంప్ కూడా అదే డిస్క్ మీద ఉంది కాబట్టి రెస్టిక్ టైమర్‌ని 3 గంటలకి పెట్టి, మొత్తం చోటునీ బయటి డిస్క్‌కి పంపండి.