1850ల్లో ఐయోవాలో స్థిరపడిన నార్వే మనిషి, కోడలి పూర్వీకుడు. వివరాలు ఎక్కడ వెతకాలి?

కందుకూరు మాస్టారు:
అందరికీ నమస్కారం. నేను కందుకూరులో రిటైరైన సోషల్ టీచర్ని. మా అబ్బాయి మినియాపొలిస్‌లో ఉంటాడు, కోడలు అక్కడి పిల్లే. మనవడిని స్కూల్లో రెండు వైపులా కుటుంబ చరిత్ర రాసుకురమ్మన్నారంట. మా వైపు ఇబ్బంది లేదు, మా నాయన నోటుబుక్కులో ఆరు తరాలు రాసిపెట్టి పోయాడు (ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు, అది వేరే సంగతి). కోడలి వైపే చిక్కు. వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఒక పాత బైబిల్ ఉంది, అట్ట లోపల నార్వే భాషలో పేర్లు, పుట్టిన తేదీలు. ఆ పెద్దామె ముత్తాత 1850ల్లో ఓడెక్కి వచ్చి, ఐయోవాలో గవర్నమెంటు ఊరికే ఇచ్చిన 160 ఎకరాల్లో సేద్యం మొదలుపెట్టాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. వంశవృక్షాల సైట్లలో వెతికితే అదే పేరుతో నలుగురు తేలారు, ఒక్కో చెట్టులో ఒక్కో భార్య. మూడు రోజులుగా ఇదే టెన్షన్. ఎక్కడ పట్టుకోవాలి దీన్ని?

ఈసీ బాబు, కావలి:
మాస్టారూ, నేను చెన్నైలో ఆరేళ్ళు అమెరికా ఇళ్ళకి టైటిల్ సెర్చ్, అంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పాత కాగితాల్లో వెతికే పని, చేశాను, ఇప్పుడు ఇంటి నుంచే చేస్తున్నా. ముందు ఆ చెట్లు మూసేయండి. ఒకడు తప్పు రాస్తే వందమంది దాన్నే ఎత్తి పెట్టుకుంటారు. మనిషిని పట్టుకోవాలంటే పొలాన్ని పట్టుకోండి. మన దగ్గర సర్వే నంబరు తెలిస్తే ఈసీ తీసుకుంటూ వెనక్కి పోతామే, అదే పని. అక్కడ నేలని ఆరు మైళ్ళకి ఆరు మైళ్ళ చదరాలుగా కొలిచి టౌన్‌షిప్ అన్నారు, ఒక్కోదాంట్లో 36 సెక్షన్లు, సెక్షనుకి 640 ఎకరాలు. మీరు చెప్పిన 160 అందులో పావు భాగం. గవర్నమెంటు చేతిలోంచి ఆ పొలం మొదట ఎవరికి పోయిందో చెప్పే పట్టాని పేటెంట్ అంటారు. అమెరికా గవర్నమెంటు భూముల శాఖ, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ సైట్లో రాష్ట్రం, కౌంటీ, ఇంటిపేరు కొడితే పైసా ఖర్చు లేకుండా పేటెంట్ బొమ్మతో సహా వస్తుంది.

కానీ ఆ ఊరికే ఇచ్చారన్న మాటే నాకు అనుమానంగా ఉంది. సేద్యం చేసుకునేవాళ్ళకి భూమి ఊరికే ఇచ్చే హోమ్‌స్టెడ్ చట్టం వచ్చిందే 1862లో, అమలైంది 1863 జనవరి 1 నుంచి. 1850ల్లో వచ్చినాయన ఎకరం ఒకటింబావు డాలరుకి కొనుండాలి, లేదంటే సైనికులకి బహుమానంగా ఇచ్చిన భూమి వారంటు ఎవరి దగ్గరో చవగ్గా కొనుండాలి. ఆ సైనికుల్లో చాలామంది ఆ కాగితాన్ని అమ్ముకునేవాళ్ళు, ఐయోవాలో బోలెడంత భూమి అట్లాగే చేతులు మారింది. వారంటు అయితే పేటెంట్ మీద ఆ సిపాయి పేరు కూడా ఉంటుంది. జాగ్రత్త, ఆ సిపాయినే ముత్తాత అనుకుని చెట్టు కట్టేసినవాళ్ళని చూశాను నేను. నిజంగా హోమ్‌స్టెడ్ అయితే మాత్రం పండగే. ఐదేళ్ళు అక్కడే కాపురం ఉన్నాడని సాక్షులు చెప్పిన మాటలు, ఇల్లు ఎంత, ఎన్నెకరాలు దున్నాడు, వలస వచ్చినవాడైతే పౌరసత్వం కాగితం, అన్నీ నేషనల్ ఆర్కైవ్స్ ఫైల్లో ఉంటాయి.

ఉదయగిరి పిల్ల:
నేను డెమోయిన్‌లో ఉంటాను సార్, అంటే ఐయోవాలోనే. బాబు అన్న చెప్పింది కరెక్టు, దానికి సెన్సస్ జత చేయండి. ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850 నుంచే, అంతకుముందు ఇంటి పెద్ద పేరొక్కటే, మీ నాయన గారి నోటుబుక్కు మాదిరి. 1890ది కోసం వెతుక్కోకండి, 1921లో నిప్పంటుకుని దాదాపు మొత్తం పోయింది. ఆ సందుని పూడ్చుకోవడానికి ఐయోవా రాష్ట్రం సొంతంగా తీసిన 1885, 1895 లెక్కలున్నాయి. 1856ది కూడా ఉంది, అందులో మనిషి రాష్ట్రానికి వచ్చి ఎన్నేళ్ళయిందో కూడా రాశారు, మీకు కావాల్సింది అదే. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్లో డబ్బు కట్టకుండా చూడొచ్చు.

ఇంకోటి, ఇది తెలియక నేను మా పక్కింటావిడ కోసం వెతుకుతూ రెండు నెలలు తిరిగాను. అప్పట్లో నార్వే పల్లెల్లో మనలాగా స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రి ఓలే అయితే కొడుకు ఓల్సన్, కూతురు ఓల్స్‌డాటర్. దాని పక్కన ఉంటున్న పొలం పేరు, పొలం మారితే ఆ పేరూ మారేది. అమెరికా వచ్చాక కొందరు తండ్రి పేరుని, కొందరు పొలం పేరుని ఇంటిపేరు చేసుకున్నారు, సొంత అన్నదమ్ములకే వేరు వేరు ఇంటిపేర్లు ఉంటాయి. బైబిల్లో పేరు మూడు మాటల్లో ఉంటే చివరిది పొలం పేరేమో చూడండి. అది దొరికితే నార్వే డిజిటల్ ఆర్కైవ్‌లో చర్చి రిజిస్టర్లు కూడా ఉచితమే.

ప్రార్థన కొండ, ఒంగోలు:
వెతకడం గురించి నాకు తెలియదు కానీ ఐయోవా అంటే మా ఒంగోలుకి కొత్త కాదు మాస్టారూ. ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొర పెరిగింది ఆ ప్రాంతంలోనే, కుర్రతనంలో మినెసోటాలో గవర్నమెంటు సర్వే పార్టీలో పనిచేశాడు, అంటే బాబు చెప్పిన ఆ చదరాలు గీసినవాళ్ళలో ఒకడు. 1866లో ఒంగోలు వచ్చాడు. తర్వాత 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ మూడు మైళ్ళ పైన కాంట్రాక్టు పట్టి ఆకలితో ఉన్న జనానికి పని చూపించాడు, ఆ కొలతల పని ఇక్కడ అక్కరకొచ్చింది. మనవడికి చెప్పండి, రెండు వైపులకీ కలిపే ముడి ఒకటి ఉంటుంది ప్రాజెక్టులో.

కందుకూరు మాస్టారు:
అందరికీ దండాలు. దొరికింది! అమ్మాయి చెప్పినట్టు మూడో మాట పొలం పేరే, దాంతో కొడితే ఒక్కడే తేలాడు. వారంటు పట్టానే, పైన ఎవరో సిపాయి పేరు, కింద మన మనిషి. అదే పొలం పేరుతో డకోటాలో 1880ల నాటి హోమ్‌స్టెడ్ పట్టా ఇంకొకటి వచ్చింది, బైబిల్లో చూస్తే అది ఆయన పెద్దకొడుకు పేరు. ఊరికే వచ్చిన పొలం కొడుకుది, రెండు కథలూ ఒకటైపోయినట్టున్నాయి. ఈ మాట పెద్దామెకి ఎవరు చెప్పాలన్నది ఇప్పుడు సమస్య, కోడలు నన్నే చెప్పమంటోంది.

ఇంకా ఉంది. బైబిల్లో ఆడవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి తాతా, మన నోటుబుక్కులో ఏవీ అని వాడు వీడియో కాల్‌లో అడిగాడు. చుండిలో మా మేనత్త ఉంది, తొంభై దాటింది. ఆదివారం పోతున్నా.