మాధవాయిపాలెం రేవు దగ్గర పాత వర్తక స్థావరం ఆనవాళ్లు ఎక్కడ?

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు ఎక్కే మాధవాయిపాలెం రేవు గురించి అడుగుతున్నాను. 17వ శతాబ్దంలో ఇక్కడ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. 1679లో మద్రాసు గవర్నర్ స్ట్రేన్‌షామ్ మాస్టర్ దాన్ని చూడటానికి వచ్చాడు, ఆయన డైరీలో మడపోలం అని ఉన్నది ఈ ఊరే. ఓడలు కూడా కట్టేవారు.

పోయిన ఆదివారం ఉదయం వెళ్లాను. వశిష్ఠ గోదావరి నిండుగా ఉంది, అవతల ఒడ్డున కొబ్బరి తోటలు, పంటు మీద బైకులు, అంతర్వేది వెళ్లే జనం. ఫొటోలకు లోటు లేదు. చరిత్రే దొరకలేదు! పంటు సరంగును, టీ కొట్టు పెద్దాయన్ని అడిగితే, "డచ్చోళ్లవంటే పాలకొల్లు వెళ్లండి" అన్నారు. నాకు కావలసింది అది కాదు. గట్టు వెంట కొంత దూరం నడిచాను, పాత ఇటుక గోడ కూడా కనబడలేదు. ఉపగ్రహ మ్యాపులో వెతికినా అంతే. 1878లో హెన్రీ మోరిస్ రాసిన గోదావరి జిల్లా పుస్తకం తిరగేశాను కానీ, ఇప్పటి రేవును బట్టి ఆ చోటు ఎటువైపో పోల్చుకోలేకపోయాను.

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్తున్నాను, చేతిలో ఒక్క పూటే. అక్కడివాళ్లు ఎవరైనా చెప్పగలరా: ఆ స్థావరానికి గానీ ఓడలు కట్టిన చోటుకు గానీ చెందిన గోడ, సమాధి, దిబ్బ ఏదైనా ఇప్పటికీ మిగిలి ఉందా, ఉంటే పంటు రేవు నుంచి ఎటు వెళ్లాలి?