తుపాకీ పట్టిన పిల్లాణ్ణి సైన్యం పట్టుకుంటే వాడు ఖైదీనా, బాధితుడా?

సూళ్ళూరుపేట శీను:

అందరికీ నమస్తే. నేనుండేది చెన్నైలో, మాధవరం పక్కన. పోయిన వారం ఇంటికి పెయింటింగ్ పెట్టాం. పనికొచ్చినోళ్ళలో ఒకాయన గుమ్మిడిపూండి క్యాంపులో ఉండే శ్రీలంక తమిళాయన, 2006లో మళ్ళీ గొడవలు మొదలైనప్పుడు భార్యాబిడ్డతో పడవెక్కి ధనుష్కోటి వైపు దిగినోడు. మధ్యాహ్నం అన్నాల టైంలో టీవీలో గాజా వార్తలు వస్తా ఉంటే ఆయన తినడం ఆపేసి తమ్ముడి సంగతి చెప్పాడు. తమ్ముడు ఉత్తర లంకలో వన్ని ప్రాంతంలోనే ఉండిపోయాడంట. ఇంటికొకరు రావాల్సిందే అని 2008లో పులులు, అదే ఎల్టీటీఈ వాళ్ళు, వాణ్ణి లాక్కుపోయారు, అప్పటికి పదహారేళ్ళు. 2009 మేలో యుద్ధం అయిపోయి జనమంతా నడుచుకుంటా సైన్యం పెట్టిన ఓమంతై చెక్‌పోస్టుకి వస్తే, ఒక్కరోజు ఇయక్కంలో (అంటే పులుల్లో) ఉన్నా సరే పక్కకి రండి అని మైకులో చెప్పారంట. వీడు పోయి నిలబడ్డాడు. అంతే, పునరావాసం అని రెండేళ్ళు లోపల.

"వాళ్ళేమో బలవంతంగా లాక్కుపోయారు, వీళ్ళేమో వాళ్ళతో పోయావని లోపలేశారు, మావాడు చేసిన తప్పేంది సార్" అన్నాడు. నేనేం చెప్తాను, చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అసలు 18 లోపు పిల్లల్ని సైన్యం అట్టా పెట్టుకోవచ్చా? ఎన్నాళ్ళు? పునరావాసం అని బోర్డు పెడితే జైలు కాకుండా పోతుందా? తెలిసినోళ్ళు చెప్పండి. పులులు మంచోళ్ళా చెడ్డోళ్ళా అనే గొడవ మాత్రం ఈడ వద్దు, దండం పెడతా.

హైకోర్టు జూనియర్:

శీనన్నా, పట్టుకోకూడదు అని ఏ చట్టంలోనూ లేదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. పట్టుకున్నాక ఎట్లా చూడాలి అనేదే చట్టం. 1949 జెనీవా ఒప్పందాలు, వాటికి 1977లో వచ్చిన అదనపు ప్రోటోకాల్స్ (అనుబంధ ఒప్పందాలు), 1989 బాలల హక్కుల ఒప్పందం, యుద్ధాల్లో పిల్లల గురించి 2000లో వచ్చి 2002 ఫిబ్రవరిలో అమల్లోకొచ్చిన ఇంకో ప్రోటోకాల్, ఇవన్నీ కలిపి చూస్తే తేలేది ఏంటంటే పిల్లల్ని బంధించడం ఆఖరి మార్గంగా ఉండాలి, వీలైనంత తక్కువ కాలం ఉండాలి, పెద్దవాళ్ళతో కలిపి పెట్టకూడదు, నేరం జరిగినప్పుడు 18 నిండకపోతే ఉరి వెయ్యకూడదు. ఆ 2000 నాటి ప్రోటోకాల్ ప్రకారం ప్రభుత్వ సైన్యం కాని సాయుధ గుంపులు 18 లోపువాళ్ళని అసలు చేర్చుకోకూడదు, చేర్చుకున్న పిల్లల్ని బయటికి తెచ్చి కోలుకునేలా చూసే బాధ్యత ప్రభుత్వానిది.

ఒక మెలిక ఉంది. రెండు దేశాల మధ్య యుద్ధమైతే పట్టుబడ్డ పిల్లాడికి కూడా యుద్ధఖైదీ హోదా వస్తుంది, యుద్ధం అయిపోగానే పంపెయ్యాలి. అదే దేశం లోపలి యుద్ధమైతే ఆ హోదా రాదు, పట్టి ఉంచడానికి ఆధారం ఆ దేశపు సొంత చట్టమే, ఎమర్జెన్సీ రూల్సు, టెర్రరిజం యాక్టులు, అవే. లంకలో జరిగింది ఇదే. అక్కడ ప్రభుత్వం లెక్క ప్రకారం 594 మంది పిల్లల్ని విడిగా పెట్టి ఏడాది పునరావాసం ఇచ్చారు, కొంతమందిని కొలంబో దగ్గర రత్మలానలో హిందూ కాలేజీలో చదివించారు కూడా. దాన్ని తీసిపారెయ్యలేం. కానీ పైన కూర్చున్న పునరావాస కమిషనర్ జనరల్ సైన్యాధికారి, గేటు దాటి సొంతంగా బయటికి పోలేరు. నా మటుకు నాకు గేటు లోపలినుంచి తియ్యలేకపోతే అది నిర్బంధమే, బోర్డు మీద ఏం రాసుకున్నా.

అన్నట్టు మీ పెయింటరాయన తమ్ముడు రెండేళ్ళు ఉన్నాడంటున్నారు. పిల్లలకైతే ఏడాదే కదా. పెద్దవాళ్ళ లెక్కలో వేశారేమో, కనుక్కోండి.

ఆవడి మాజీ హవల్దార్:

లాయరు బాబు బాగానే చెప్పాడు, ఏసీ రూములో కూర్చుంటే ఎవరైనా చెప్తారు. నేను ఐపీకేఎఫ్‌లో, అంటే లంకకి పంపిన మన శాంతి సైన్యంలో, జాఫ్నాలో ఉన్నా, 87 నుంచి. మెడలో సైనైడ్ గొట్టం ఏలాడుతుంటే మీసం కూడా రాని పిల్లలు మా మీద కాల్పులు చేశారు. పదకొండు వందల మందికి పైగా మనోళ్ళు పోయారు ఆడ. చీకట్లో ఎదురుగా వచ్చేవాడి పుట్టినరోజు ఎవడడుగుతాడు? చిన్నోడు కదా అని వదిలితే తెల్లారేసరికి రోడ్డు కింద మైను ఉండేది, ఇది నేను చూసిందే, ఎవరో చెప్పింది కాదు.

మా ప్లాటూన్‌కి ఒకసారి ఒక పిల్లాడు దొరికాడు, పద్నాలుగు ఉంటాయేమో. బడి బిల్డింగులో పెట్టాం, చేతులు కట్టాం, అవును కట్టాం. రొట్టె ఇస్తే విషమేమో అని తినలేదు, మా కుక్కు ముందు తాను ఒక ముక్క తిని చూపిస్తే అప్పుడు తిన్నాడు. పొద్దున పైవాళ్ళకి అప్పజెప్పాం, తర్వాత ఏమయ్యాడో మాకు తెలీదు, అడగలేదు కూడా. ముప్పై ఏళ్ళు దాటింది, ఆ కట్టిన తాడు గురించి నాకు పశ్చాత్తాపం లేదు. అడగకపోవడం గురించి మాత్రం ఉంది.

కేకే నగర్ చారి:

హవల్దార్ గారూ, పట్టుకోవడం గురించి మీతో ఎవరికీ పేచీ లేదండి. ఆ "పైవాళ్ళు" దగ్గరే అసలు కథ. ఒమర్ ఖద్ర్ అని కెనడా కుర్రాడు, 2002 జులైలో ఆఫ్ఘనిస్తాన్‌లో అమెరికా సైన్యానికి దొరికినప్పుడు 15 ఏళ్ళు, ఒళ్ళంతా గాయాలు, ఒక కన్ను పోయింది. గ్రెనేడ్ విసిరి ఒక సార్జెంటుని చంపాడని కేసు. అక్కడే బాగ్రామ్ అమెరికా స్థావరంలో పెట్టి అక్టోబర్లో క్యూబాలో ఉన్న అమెరికా జైలు గ్వాంటనామోకి పంపారు, పెద్దవాళ్ళ మధ్యలోకి. తమాషా ఏంటంటే లాయరు గారు చెప్పిన ఆ పిల్లల ప్రోటోకాల్ మీద అదే ఏడాది డిసెంబర్లో అమెరికా ముద్ర వేసింది! 2010లో నేరం ఒప్పుకున్నాడు, 2012లో కెనడాకి పంపారు, 2015లో బెయిల్, 2017లో కెనడా ప్రభుత్వం సారీ చెప్పి కోటీ ఐదు లక్షల కెనడా డాలర్లు ఇచ్చింది.

ఇంకో కుర్రాడు మొహమ్మద్ జవాద్, కాబూల్‌లో 2002 డిసెంబర్లో పట్టుకున్నారు. వీడి వయసెంతో ఎవరికీ తెలీదు, ఆఫ్ఘన్ పల్లెల్లో బర్త్ సర్టిఫికెట్లు ఎక్కడివి. అమెరికా వాళ్ళు పదహారు పదిహేడు అన్నారు, వాడి తరఫువాళ్ళు పన్నెండన్నారు. వాణ్ణి నిద్రపోనివ్వకుండా 2004 మేలో 14 రోజుల్లో 112 సార్లు గది మార్చారు. లెక్క వెయ్యండి, మూడు గంటలకొకసారి. చివరికి, పట్టుకున్న రోజు ఆఫ్ఘన్ పోలీసులు నిన్నూ మీవాళ్ళనీ చంపేస్తామని బెదిరించి ఒప్పించారని మిలిటరీ జడ్జీయే ఆ వాంగ్మూలం కొట్టేశాడు, 2009లో ఇంటికి పంపారు. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్, గ్వాంటనామో కలిపి 2002 నుంచి 2008 దాకా రెండున్నర వేలమంది పిల్లల్ని పెట్టామని అమెరికానే ఐక్యరాజ్యసమితికి చెప్పింది.

శీను గారు టీవీ అన్నారు కాబట్టి ఇది కూడా. వెస్ట్ బ్యాంకులో పాలస్తీనా పిల్లల్ని ఇజ్రాయెల్ మిలిటరీ కోర్టులోనే విచారిస్తుంది, 12 ఏళ్ళ నుంచి, ఎక్కువగా రాళ్ళేశారనే కేసులు. 2009లో పిల్లలకి వేరే మిలిటరీ కోర్టు పెట్టారు, అయినా ఏటా సుమారు 700 మందిని పట్టుకుంటున్నారని యూనిసెఫ్ 2013లో రాసింది.

రాయపురం పెద్దమ్మ:

నాయనా మీరంతా ఎక్కడెక్కడి దేశాలో చెప్తున్నారు, మనదీ ఒకటుంది వినండి. 1962లో చైనాతో యుద్ధమప్పుడు అస్సాం, బెంగాల్ వైపు తరాలుగా ఉంటున్న చైనావాళ్ళని మూడు వేలమంది దాకా రైళ్ళెక్కించి రాజస్థాన్‌లో దేవళీ క్యాంపుకి తోలారు, చంటిబిడ్డల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా. ఎవరూ తుపాకీ పట్టలేదు, ముఖం చూసి పట్టుకున్నారు. కొంతమంది 1967 దాకా అక్కడే ఉన్నారు. 1963లో చైనా ఓడలు మన మద్రాసు రేవుకే వచ్చి రెండు వేల పైచిలుకు మందిని ఎక్కించుకుపోయాయి.

మా నాన్నగారు అప్పుడు హార్బర్లో గుమస్తా. ఓడ మెట్ల మీద ఒక పిల్ల హిందీలో ఏడుస్తోందట, వాళ్ళమ్మ కూడా హిందీలోనే ఊరుకోబెడుతోందట, ఆ ఇద్దరూ "సొంత దేశం" పోతున్నారని కాగితాల్లో రాయాలి. మా నాన్న రాశారు, ఉద్యోగం కదా. ఆ మాట మాకు చాలాసార్లు చెప్పారు.

హైకోర్టు జూనియర్:

పెద్దమ్మా, మీరు చెప్పింది మా క్లాసుల్లో ఎవరూ చెప్పలేదు. చారి గారు చెప్పిన వయసు సంగతి గురించి ఒక మాట. మన జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో సెక్షన్ 94 ఉంది, వయసు తేల్చాలంటే ముందు స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే మునిసిపాలిటీదో పంచాయతీదో పుట్టిన సర్టిఫికెట్, రెండూ లేకపోతేనే ఎముకల టెస్టు. ఆ టెస్టుకి ఏడాది రెండేళ్ళు అటూ ఇటూ తేడా వస్తుంది, పదిహేడో పంతొమ్మిదో తేలాల్సిన చోట రెండేళ్ళ తేడా అంటే ఇంక టెస్టు ఎందుకు. మన దగ్గర మిలిటెంట్ గుంపులు పిల్లల్ని వాడితే సెక్షన్ 83 కింద శిక్ష ఆ వాడినవాళ్ళకి, ఏడేళ్ళ దాకా. మొత్తానికి ఎక్కడైనా చట్టం ముందు అడిగేది కాగితం. యుద్ధంలో ముందు కాలేది అదే.

సూళ్ళూరుపేట శీను:

అందరికీ థాంక్స్, హవల్దార్ గారూ మీకు స్పెషల్‌గా. నిన్న ఆయన గేటుకి రెండో కోటు వెయ్యడానికొచ్చాడు, ఉప్పు కాగితం రుద్దుతా రుద్దుతా ఉంటే లాయరన్న అడగమన్నది అడిగా. అన్న అనుమానం కరెక్టే, పెద్దోళ్ళలోనే పెట్టారంట. ఎందుకంటే వినండి.

పెళ్ళైనోళ్ళని పులులు తీసుకుపోరని మొదట్లో ఊళ్ళో ఒక నమ్మకం. అందుకని వాళ్ళమ్మ మేనమామ కూతురితో ఉత్తుత్తి పెళ్ళి రిజిస్టర్ చేయించింది, రిజిస్టర్ కావాలంటే 18 ఉండాలి కాబట్టి వాడికి పంతొమ్మిది అని రాయించింది. అయినా లాక్కుపోయారు, తర్వాత తర్వాత పెళ్ళైనోళ్ళని కూడా వదల్లేదంట. ఇల్లు కాలిపోయి పుట్టిన కాగితం, బడి కాగితం అన్నీ పోయాయి, వాళ్ళమ్మ ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకి కట్టుకుని తెచ్చింది ఆ పెళ్ళి సర్టిఫికెట్ ఒక్కటే. చెక్‌పోస్టులో అది చూసే వాడికి ఇరవై అని రాసుకున్నారు. వీడు పదిహేడు అంటే అందరూ ఇదే చెప్తారన్నారంట.

ఇప్పుడు వాడు కిళినొచ్చిలో ఆటో తోలుతున్నాడు, ముప్పై దాటాయి. సంబంధం ఒకటి కుదిరింది గానీ కాగితంలో పెళ్ళాం ఇంకా ఉంది కదా, ఆ పిల్ల ఎప్పుడో కెనడా పోయింది. హైకోర్టు అన్నా, ఆ పెళ్ళి రద్దు చేయించాలంటే అమ్మాయి సంతకం లేకుండా అవుతుందా? ఆయన ఆదివారం మళ్ళీ వస్తాడు, ఆలోపు చెప్పగలిగితే చెప్పు.