నెడ్ కెల్లీ తలకి కట్టిన 8,000 పౌండ్లు చివరికి ఎవరికి ముట్టాయి?

మెల్‌బోర్న్ రాజు:
లాంగ్ వీకెండ్‌కి పిల్లలతో గ్లెన్‌రోవన్ వెళ్లొచ్చాం. నెత్తిన ఇనప డబ్బా బోర్లించుకున్నట్టుండే, ఆస్ట్రేలియా బందిపోటు నెడ్ కెల్లీ బొమ్మ దగ్గర ఫొటోలు దిగాం. 1879లో జెరిల్డెరీ బ్యాంకు దోపిడీ అయ్యాక విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వాలు కలిసి నెడ్‌తో కలిపి అతని ముఠాలో నలుగురి మీద 8,000 పౌండ్లు ప్రకటించాయట. "మరి ఆ డబ్బు ఎవరు తీసుకున్నారు నాన్నా?" అని మా పెద్దాడు ఇంటికొచ్చేదాకా ఒకటే గోల. ఎవరైనా చెప్తారా?

పంతులుగారు:
రాజుగారూ, ఒక్కరికి కాదండీ, పప్పుబెల్లాల్లా పంచారు. నెడ్ 1880 జూన్ 28న ఆ గ్లెన్‌రోవన్‌లోనే పోలీసులతో కాల్పుల్లో దొరికాడు, నవంబరు 11న ఉరి. పంపకాల కోసం 1881లో ఒక బోర్డు కూర్చుంది. ఇక చూస్కోండి, నాకూ నాకూ అంటూ పదులకొద్దీ అర్జీలు! పోలీసులే కాదు, రైలింజను డ్రైవర్లు, ఫైర్‌మెన్, గార్డు కూడా.

అందరికంటే ఎక్కువ, 800 పౌండ్లు, పోలీసు సూపరింటెండెంట్ హేర్‌కి. ఆయనకి మొదటి కాల్పుల్లోనే మణికట్టుకి దెబ్బ తగిలింది. కాసేపటికే వెనక్కి వెళ్లిపోయాడు. నెడ్ పట్టుబడేసరికి అక్కడ లేనే లేడు. థామస్ కర్నో అనే బడిపంతులుకి 550. పోలీసులొచ్చే రైలు పడిపోవాలని ముఠా పట్టాలు పీకించింది. బందీగా ఉన్న కర్నో నెడ్‌ని నమ్మించి ఇంటికెళ్లాడు. అర్ధరాత్రి దాటాక ఎర్ర స్కార్ఫ్ వెనక కొవ్వొత్తి పట్టుకుని పట్టాల దగ్గరికొచ్చి రైలు ఆపాడు. ఆ ఒక్క పని జరక్కపోతే హేర్ కూడా మిగిలేవాడు కాదు. నేనూ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, పక్షపాతం అనుకున్నా సరే, లెక్క తిరగబడిందనే అంటాను.

ఇంకో అన్యాయం ఉంది. అడవుల్లో జాడ తీసే ఏడుగురు ఆదివాసీ ట్రాకర్లకి తలా 50 రాశారు. కానీ వాళ్ల చేతికి అంత డబ్బు ఇవ్వడం మంచిది కాదని, ప్రభుత్వాలకి అప్పగించమంది బోర్డు.

తూప్రాన్ మనవడు:
మాష్టారూ, మన దగ్గరా ఒకటుంది. 1857 జూలై 17న హైదరాబాద్‌లో బ్రిటిష్ వాళ్ల రెసిడెన్సీ మీదకి దాడికి వెళ్లిన తుర్రెబాజ్ ఖాన్ 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకుంటే 5,000 రూపాయలు ప్రకటించారు. వారం తిరక్కుండా తూప్రాన్ దగ్గర చంపేశారు. చంపించింది అక్కడి తాలూక్‌దార్ ఖుర్బాన్ అలీ బేగ్. శవాన్ని హైదరాబాద్ తెచ్చి వేలాడదీశారు. మా అమ్మమ్మ వాళ్లది ఆ ఊరే, కానీ చిన్నప్పుడు ఈ పేరు ఎవరి నోటా వినలేదు.

మెల్‌బోర్న్ రాజు:
థాంక్స్ మాష్టారూ. పెద్దాడికి చదివి వినిపిస్తే, "ట్రాకర్ల డబ్బు ఇప్పుడైనా ఇవ్వొచ్చు కదా" అంటున్నాడు.

పంతులుగారు:
వారసులు 1990ల్లో అదే అడిగారండీ. వడ్డీతో సహా.