రోహిణి కార్తెలో ఫుల్ మారథాన్ ప్రాక్టీస్: మిట్టమధ్యాహ్నం పరుగెత్తడం అవసరమా?

కనిగిరి కుర్రోడు:
అందరికీ నమస్తే. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కి, అంటే 42.195 కిలోమీటర్లకి పేరిచ్చాను. మా కనిగిరిలో పొద్దున తొమ్మిదికే ఎండ మాడు పగలగొడుతోంది, ఇక పడమటి గాలి మొదలైందంటే రోడ్డు మీద మనిషి కనపడడు. జిమ్‌లో ఒక అన్నేమో ఎండలో పరుగెత్తితేనే ఒళ్ళు గట్టిపడుతుంది, అమెరికాలో డెత్ వ్యాలీలో జులై నెలలో 217 కిలోమీటర్లు పరుగెత్తేవాళ్ళున్నారు, నువ్వూ పన్నెండింటికి బయల్దేరు అంటున్నాడు. అమ్మ ససేమిరా అంటోంది. ఈ ఆదివారం 25 కిలోమీటర్లు చేయాలి. ఎట్లా చేయమంటారు? నీళ్ళు ఎన్ని తాగాలి?

చెరువుకట్ట నెల్లూరు:
తమ్ముడూ, అమ్మ మాట విను. డెత్ వ్యాలీలో పరుగెత్తేవాళ్ళ వెంట ఐసు, నీళ్ళు పెట్టుకుని సొంత మనుషులు కారులో వస్తుంటారు. కనిగిరి రోడ్డు మీద మధ్యాహ్నం నువ్వు పడిపోతే చూసేదెవరు?

ఒళ్ళు ఎండకి అలవాటు పడడం మాత్రం నిజమే. ఒకటి రెండు వారాలు కొంచెం కొంచెంగా వేడిలో తిరిగితే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. కానీ వేడికి దూరమైతే కొన్ని వారాల్లోనే ఆ అలవాటు పోతుంది, కాబట్టి ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చుకుని సంపాదించింది ఆగస్టు దాకా నిలవదు. అప్పటికి హైదరాబాద్‌లో వానాకాలం కూడా. అక్కడ కష్టపెట్టేది ఫ్లైఓవర్ల ఎక్కుడూ, గాలిలో తేమా.

ఆదివారం తెల్లవారుజామున నాలుగుకే మొదలుపెట్టు. కిలోమీటర్లు పక్కన పెట్టి రెండున్నర గంటలు అనుకో, ఎంత దూరమైతే అంత. మామూలు స్పీడు కోసం చూడొద్దు, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్ళు. ఊరి బయటికి పోకుండా ఇంటి చుట్టూనే తిరిగితే ప్రతి రౌండుకీ నీళ్ళు దొరుకుతాయి.

మైపాడు రోడ్డు:
అన్న చెప్పింది కరెక్టే, ఒక్కటి కలుపుతా. మా సముద్రం పక్కన తెల్లవారుజామున చల్లగా ఉన్నట్టే ఉంటుంది కానీ చెమట ఆరదు, బనీను పిండితే నీళ్ళు కారతాయి. చెమట కారితే ఒళ్ళు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. 2019లో దోహా ప్రపంచ పోటీల్లో ఆడవాళ్ళ మారథాన్ అర్ధరాత్రి పెట్టారు, ఎండే లేదు, అయినా 32 డిగ్రీల వేడికి 70 శాతం పైన తేమ తోడై 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. వాళ్ళంతా ప్రపంచ స్థాయి రన్నర్లు! అందుకే ఫోన్‌లో డిగ్రీలతో పాటు తేమ కూడా చూసుకో.

ఒంగోలు సిస్టర్:
నేను క్యాజువాలిటీలో పనిచేస్తాను, దయచేసి ఇది అందరూ చదవండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పరుగెత్తేవాళ్ళకి తగిలే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండొచ్చు. మాట తడబడినా, తూలినా, ఎక్కడున్నాడో తెలియకుండా మాట్లాడినా ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. 108కి ఫోన్ చేయండి, అది వచ్చేదాకా ఊరికే ఉండకుండా నీడలోకి చేర్చి ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూ విసరండి, తొట్టి ఉంటే మెడ దాకా నీళ్ళలో కూర్చోబెట్టి తల పట్టుకోండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు.

ఇక బాబూ, నువ్వడిగిన నీళ్ళ సంగతి. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకో, కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. బరువు పెరిగిందంటే మరీ ఎక్కువ తాగావన్నమాట, రక్తంలో సోడియం పడిపోతే అదీ ప్రాణాపాయమే. దాహాన్ని బట్టి తాగు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్నింటిలోనే కలుపు, ఒక్క గ్లాసులో గుమ్మరించొద్దు. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ మంచిది. నొప్పుల మాత్ర వేసుకుని మాత్రం పరుగెత్తొద్దు, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది. జ్వరం, విరేచనాలు ఉంటే ఆ వారం అసలు పరుగే వద్దు.

కనిగిరి కుర్రోడు:
చాలా థాంక్స్ అన్నా, అక్కా. సిస్టర్ రాసింది అమ్మకి చదివి వినిపించాను, నాలుగింటికైతే సరే అంది. కాలేజీ గ్రౌండ్‌లోనే తిరుగుతా, మా బావ బండేసుకుని వచ్చి నీళ్ళ దగ్గర కూర్చుంటానన్నాడు. జిమ్ అన్నకి కూడా ఇదంతా పంపిస్తున్నా, ఆయన మాట విని ఇంకో ఇద్దరు మధ్యాహ్నం పూట పరుగెత్తుతున్నారు.